రోడ్డు దిగితేనే గోదారి

నది వెంట కారులో పోవాలనుకునేవాళ్లు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. నది వెంట రోడ్డు ఉండదు. మన రోడ్లన్నీ నదిని దాటడానికి వేసినవే, నదితో కలిసి నడవడానికి వేసినవి కావు. ఊరికీ ఊరికీ మధ్య నది అడ్డం, కాబట్టి వంతెన. వంతెన దాటగానే రోడ్డు తన దారిన తను పోతుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద నిజామాబాద్ నుంచి నిర్మల్ వెళ్తూ సోన్ దగ్గర గోదావరిని దాటనివాళ్లు మన ఇళ్లలో తక్కువే. కానీ దాటినవాళ్లు చూసిన గోదావరి ఎంతంటే, బస్సు కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరి దండం పెట్టుకునేంత.

నేనూ మా ఆయనా త్ర్యంబకం నుంచి అంతర్వేది దాకా గోదావరి వెంట కారులో వెళ్లాం. నది పొడవు 1,465 కిలోమీటర్లు. మా కారు అంతకన్నా ఎక్కువే తిరిగింది. ఎంత ఎక్కువో లెక్క చెబితే పెట్రోలు ఖర్చు కూడా చెప్పాల్సి వస్తుంది కాబట్టి వదిలేస్తున్నాను. వాకిట్లో సంక్రాంతి ముగ్గులు పూర్తిగా చెరగకముందే బయల్దేరాం. నడిపేది నేను, పక్కన ఆయన. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. పుట్టింది ధర్మపురి. నాది కోనసీమ. అంటే ఒకే నదికి ఆయన ఎగువ, నేను దిగువ. నీళ్ల మాట వస్తే మా ఇంట్లో 2014కి చాలా ముందు నుంచే రెండు రాష్ట్రాలు.

బయల్దేరేటప్పుడు ఒక్కటే ఒప్పందం చేసుకున్నాం. స్టీరింగు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకి ఎక్కడ ఆగాలో చెప్పే హక్కు ఉండదు. పక్క సీట్లో ఉన్న మనిషి ఆపమంటే ఆపాలి. ఎందుకని అడగాలనుకుంటే ఆపాక అడగాలి. వినడానికి చిన్న మాటే గానీ, బండి నడిపేవాళ్లకి ఇది ప్రాణసంకటం. నడిపే మనిషి మనసు ఎప్పుడూ ముందుంటుంది. ఎదురొచ్చే లారీ, తర్వాతి గేరు, తర్వాతి ఊళ్లో టీ. ఎడమవైపు పొలాల్లోకి దిగే మట్టిదారి ఆ కళ్లకి ఆనదు, ఆనినా అప్పటికే బండి దాన్ని దాటేసి ఉంటుంది. వెనక్కి తిప్పడం నామోషీ. ఊరు చేరడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఆగడం ఎప్పుడూ నష్టంగానే కనిపిస్తుంది. అందుకే ఆ అధికారం చేతులు ఖాళీగా ఉన్నవాళ్ల దగ్గర ఉండాలి. మొదటి రెండు రోజులూ ఆయన ఆపమన్నప్పుడల్లా నేను పళ్లు నూరాను. ఆ తర్వాత అలవాటైంది.

త్ర్యంబకం గురించి కొత్తగా చెప్పేదేముంది? బ్రహ్మగిరి మీద పుట్టిన చోట నది చెంబులో పట్టేంత ఉంటుంది. కుశావర్తంలో మునిగేవాళ్లతో కుండం కిటకిటలాడుతుంటుంది. నాసిక్ రామకుండం దగ్గర నదికి రెండు పక్కలా కట్టిన రాయీ సిమెంటే ఎక్కువ కనిపిస్తాయి. ఈ పుట్టిన చోటి నుంచి అరేబియా సముద్రం ఎనభై కిలోమీటర్లే. నది అటు తిరగకుండా ఇటు వెయ్యిన్నర కిలోమీటర్లు నడిచొచ్చింది కాబట్టే మా ఊళ్లో వరి పండింది, మేమిద్దరం ఇలా కారులో కొట్లాడుకోగలిగాం.

అసలు ప్రయాణం నాసిక్ దాటాక మొదలైంది. అక్కడే ఫోనుతో తగువు కూడా మొదలైంది. గమ్యం అంతర్వేది అని టైపు చేస్తే ఫోను ఏం చేస్తుంది? తిన్నగా తీసుకెళ్లి నాలుగు వరసల రోడ్డు మీద పడేస్తుంది. దాని దృష్టిలో నది అంటే వంతెన ఎక్కడుందో చూసి దాటేయాల్సిన అడ్డంకి. దాన్ని దారికి తెచ్చుకునే ఉపాయం ఒకటి కనిపెట్టాం. పెద్ద ఊరి పేరు ఎప్పుడూ ఇవ్వకూడదు. పది, పదిహేను కిలోమీటర్ల దూరంలో ఒడ్డునే ఉన్న పల్లె పేరు ఇవ్వాలి. అది చేరాక ఇంకో పల్లె. అప్పుడు ఫోను విధిలేక చెరకు తోటల మధ్య నుంచి తీసుకెళ్తుంది. మ్యాపులో నీలంరంగు చూసి నీళ్లున్నాయని నమ్మడం కూడా తగదు. తెరమీద నీలంగా ఉన్నచోట కళ్లముందు పుచ్చతీగ పాకిన ఇసుక ఉండొచ్చు.

నాందూర్ మధ్యమేశ్వర్ దగ్గర వందేళ్లు దాటిన ఆనకట్ట ఉంది. కాద్వా నది గోదావరిలో కలిసే చోటు. ఏళ్ల తరబడి పూడిక పడి పడి నీళ్ల మధ్య దిబ్బలు లేచాయి, వాటి మీద తుంగ మొలిచింది, దానికోసం పక్షులొచ్చాయి. 2020లో దీనికి చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, మహారాష్ట్రలో అదే మొదటిది. చలికాలం కాబట్టి నీళ్ల మీద బాతులే బాతులు. మా ఆయన బైనాక్యులర్సు దించి, "మా శాఖల పూడిక పడితే మెమో ఇస్తరు. ఈళ్లకు అవార్డు ఇచ్చిండ్రు" అన్నారు. అంత అసూయ ఆయన గొంతులో నేనెప్పుడూ వినలేదు.

కోపర్‌గావ్ చుట్టుపక్కల జనవరిలో బండి నడపడం ఒక విద్య. చెరకు నరికే కాలం. ఒక్కో ట్రాక్టరుకి రెండేసి ట్రాలీలు, వెనక దీపాలు ఉండవు, ఉన్నా చెరకు ఆకుల మాటున. పొద్దుగూకాక ఆ రోడ్ల మీద తిరగకూడదు, అంతే. కానీ ఆ చెరకే నాకు దారి చదవడం నేర్పింది. జొన్నా శనగా ఉన్న నల్లటి చేల మధ్య ఉన్నట్టుండి చెరకు పచ్చగా కనిపిస్తే నీళ్లు దగ్గర్లో ఉన్నాయన్నమాట. రోడ్డు పక్కన ట్రాన్స్‌ఫార్మర్లు వరసగా నిలబడి ఉన్నా, లావుపాటి పైపులు రోడ్డు కింద దూరి పోతున్నా అటువైపు మోటార్లున్నట్టు. ఇటుక బట్టీలు వరసగా ఉంటే ఒండ్రు దొరికే ఒడ్డు చేరువలోనే ఉన్నట్టు. ఇసుక లారీ వెనకనుంచి నీళ్లు కారుతుంటే అది ఇప్పుడే ఏట్లోంచి లేచొచ్చినట్టు. అయితే ఆ లారీ వచ్చిన దారిలోకి మాత్రం మనం దిగకూడదు. దాని చక్రాల గాడి మన కారు పొట్టకి తగులుతుంది, ఎదురుగా ఇంకో లారీ వస్తే వెనక్కి తిప్పుకునే చోటుండదు.

ఈ గుర్తులు పట్టుకుని ఆగుతూ ఆగుతూ పోతే ఒక విషయం బోధపడింది. నేను పారే గోదావరిని చూస్తాననుకుని వచ్చాను. చూసింది ఎక్కువగా నిలబడిన గోదావరి. నాసిక్ పైన గంగాపూర్ ఆనకట్ట, నాందూర్, పైఠాన్ దగ్గర జాయక్‌వాడీ, దాని కింద మరాఠ్వాడా పొడుగునా బరాజులు, నాందేడ్ దగ్గర విష్ణుపురి, తర్వాత బాబ్లీ, తర్వాత మన పోచంపాడు. వరసగా పేర్చిన గంగాళాల్లో ఒకటి నిండి పొర్లితే గానీ కింద ఉన్నదానికి చుక్క రాదు. వానాకాలం నాలుగు నెలలూ ఇది నది. మిగతా ఎనిమిది నెలలూ చెరువుల వరస.

పైఠాన్‌లో ఒక పూట ఆగాం. మన పాఠ్యపుస్తకాల్లో శాతవాహనుల ప్రతిష్ఠానపురం ఇదే. ఏకనాథుడి ఊరు. పైఠణీ చీర కొన్నానా లేదా అన్నది ఈ కాలమ్ పరిధిలోకి రాదు. జాయక్‌వాడీ కట్ట పొడవు సుమారు పది కిలోమీటర్లు, గేట్లు 27. లాల్ బహదూర్ శాస్త్రి 1965లో శంకుస్థాపన చేస్తే, ఇందిరా గాంధీ 1976లో ప్రారంభించారు. ఎడమ కాలువ 208 కిలోమీటర్లు, కుడి కాలువ 132. ఎడమా కుడీ ఎలా చెప్పాలో మా ఆయన నాకు పెళ్లయిన కొత్తలోనే నేర్పారు: నది పోయే దిక్కుకి మొహం పెట్టి నిలబడాలి, అప్పుడు నీ ఎడమచెయ్యే ఎడమగట్టు. కారులో ఇది చాలా అవసరం. నది వంకర తిరిగినప్పుడల్లా ఎడమేదో కుడేదో కలగాపులగం అయిపోయి, వంతెన దాటామా లేదా అని ఇద్దరం వాదించుకోవాల్సి వస్తుంది.

టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన హిందీలో తన గోడు చెప్పుకున్నాడు. పైన నాసిక్ వాళ్లూ నగర్ వాళ్లూ నీళ్లు ఆపేసుకుంటారు, మాకు వదలరు, మా పత్తి ఎండిపోతుంది అని. అది కోర్టుల దాకా వెళ్లిన తగువే. నేను మా ఆయన వంక చూశాను, ఆయన నా వంక చూశారు. ధర్మపురిలో మహారాష్ట్ర గురించి ఆయన చిన్నప్పట్నుంచీ విన్న మాటలూ, మా ఊళ్లో ఎగువవాళ్ల గురించి నేను విన్న మాటలూ, పేర్లు మార్చి ఆ పెద్దాయన చెబుతున్నాడు. ఆ రోజు సాయంత్రం కారులో నీళ్ల గొడవ రాలేదు. మళ్లీ బాబ్లీ దగ్గరే వచ్చింది.

దారిలో నాందేడ్ ఉంది. హజూర్ సాహిబ్ లంగరులో నేల మీద కూర్చుని రొట్టె, పప్పు తిన్నాం. గురు గోబింద్ సింగ్ 1708లో కన్నుమూసింది ఇక్కడే. ఊరు పెద్దది, ట్రాఫిక్ మరీ పెద్దది. ఎక్కువసేపు ఉండలేదు.

ధర్మాబాద్ వైపు రోడ్డు మీద మా ఆయన ఆపమన్న చోట బాబ్లీకి దారి. బరాజుకి 14 గేట్లు. సుప్రీంకోర్టు 2013లో ఇచ్చిన తీర్పు ప్రకారం జులై ఒకటి నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి ఒకటిన తాగునీటికి 0.6 టీఎంసీ దిగువకి వదలాలి. మేం వెళ్లింది జనవరి కాబట్టి గేట్లు దించే ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. తీర్పులో ఉన్నంతే ఉన్నాయి, ఎక్కువా లేవు తక్కువా లేవు. అయినా ఇంకోసారి లెక్కపెట్టారు. "చూసినవా, ఎట్ల ఆపిండ్రో" అన్నారు. "మీరు పోచంపాట్లో ఆపినప్పుడు మా నాన్నగారూ ఇదే మాట అనేవారు" అన్నాను. తర్వాత బాసర దాకా ఎవరం మాట్లాడుకోలేదు. అమ్మవారి దర్శనం అయ్యాక, ప్రసాదం పంచుకోవాలి కదా, అప్పుడు మాటలు కలిశాయి.

పోచంపాడు గురించి ఆయన్ని రాయమంటే పుస్తకం రాస్తారు. 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 42 గేట్లు. కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు. ఆయన మొదటి పోస్టింగు ఆ కాలువ మీదే. కట్ట మీద నిలబడి అటు రిజర్వాయరు వైపు కాకుండా ఇటు కాలువ వైపు చూశారు. ఇంజినీరుకి నది కన్నా కాలువ మీదే మమకారం ఎక్కువని నాకు అర్థమైంది. నది వాళ్లకి పైనుంచి వచ్చిన పని, కాలువ సొంత పని.

నిజామాబాద్ జిల్లాలోకి అడుగుపెట్టగానే గుర్తులు మారిపోయాయి. బాల్కొండ వైపు పసుపు తవ్వి ఉడకబెడుతున్న వాసన. అన్నిటికన్నా నమ్మకమైన కొత్త గుర్తు మాత్రం 'పుష్కర ఘాట్' బోర్డు. 2015 పుష్కరాలకి గోదావరి పొడుగునా రెండు రాష్ట్రాల్లోనూ ఘాట్లు కట్టారు. భక్తులకోసమే కట్టినా, బండి నడిపేవాళ్లకి అంతకన్నా మేలు ఎవరూ చేయలేదు. ఆ బోర్డు కనిపించి దిగితే మూడు విషయాలు ఖాయం: రోడ్డు నీళ్ల దాకా పోతుంది, చివర బస్సు తిరిగేంత జాగా ఉంటుంది, మెట్లుంటాయి. బోర్డు మాసిపోయి ఉండొచ్చు, ఘాట్ మీద వడ్లు ఆరబోసి ఉండొచ్చు, నీళ్లు ఆఖరి మెట్టుకి ఫర్లాంగు అవతల ఉండొచ్చు. దారి మాత్రం మోసం చేయదు. బృహస్పతి సింహరాశిలోకి వచ్చినప్పుడే నాసిక్‌లో సింహస్థ కుంభమేళా, మనకి పుష్కరాలు. ఒకే గ్రహం లెక్కన నది మొత్తానికీ పన్నెండేళ్లకోసారి రోడ్లు పడుతున్నాయి.

ధర్మపురిలో బావగారింట్లో దిగాం. నరసింహస్వామి దర్శనం, సకినాలు, మధ్యాహ్నం నిద్ర. తోటికోడలు నన్ను అడిగింది, "మీ తాన గోదారి ఎంత ఎడల్పుంటదక్కా?" రాజమండ్రి వంతెన మీద రైలు ఎంతసేపు పోతుందో చెప్పాను. ఆమె నమ్మలేదు. తన పెరటి వెనకున్న గోదావరిలో ఆ నెలలో బండరాళ్లే ఎక్కువ.

ఆమె అనుమానానికి జవాబు కాళేశ్వరంలో దొరికింది. గోదావరిఖని బొగ్గు టిప్పర్లనీ, మంథని ఇసుక లారీలనీ దాటుకుని అక్కడికి చేరాం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి. గుడి చూశాక ఘాట్ దగ్గరకి వెళ్లి ఎడమకి తిరిగితే ప్రాణహిత. వార్ధా, పెన్‌గంగ, వైన్‌గంగ నీళ్లన్నీ మోసుకొచ్చే నది. గోదావరి పరీవాహకం మొత్తం 3,12,812 చదరపు కిలోమీటర్లయితే అందులో మూడో వంతుకి పైగా ప్రాణహితదే. పైన ఇన్ని ఆనకట్టలు కట్టుకుని, వానలు సరిగ్గా పడని మరాఠ్వాడాని దాటుకుని, సన్నబడి వచ్చిన గోదావరికి ఇక్కడ ఈ అడవి నది వచ్చి కలుస్తుంది. పేరు మాత్రం గోదావరికే మిగిలింది. నా చిన్నప్పుడు మా రేవులో మేం చూసిన వరద నీళ్లలో నాసిక్ నీళ్లెన్ని, నాగపూర్ వైపు నీళ్లెన్ని అని ఆయన్ని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా నవ్వారు. నా అంచనా ప్రకారం, కోనసీమవాళ్లం గోదావరికి పెట్టే దండాల్లో చాలావరకు ప్రాణహితకే చెందాలి. ఆ నది వెంట పోవడానికి ఎవరూ కారు తీయరు.

కాస్త దిగువన మేడిగడ్డ. 2019 జూన్‌లో ప్రారంభించిన బరాజు. 2023 అక్టోబరు 21న కొన్ని పియర్లు కుంగాయి. ఆ తర్వాత నీళ్లు నిలపొద్దని నిపుణులు చెప్పడంతో గేట్లు ఎత్తేశారు. దానివల్ల, వింతగా, పైఠాన్ నుంచి ఇక్కడిదాకా నేను వెతుకుతూ వచ్చిన పారే నీళ్లు ఇక్కడే కనిపించాయి. ఆ మాట పైకి అనబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను. ఉద్యోగమంతా నీళ్లు ఆపడం మీద గడిపిన మనిషి. దీని మీద విచారణలూ రాజకీయాలూ పేపర్లో చదివేవాళ్లకి అది ఒక వార్త, ఆయనకి అది వేరు. ఆయన ఫొటో కూడా తీయలేదు.

ఏటూరునాగారం అడవులు, మణుగూరు, భద్రాచలం. ఇక్కడినుంచి నది వెడల్పయింది. రోడ్డు దూరమైంది. భద్రాచలంలో రాముణ్ణి చూసినంత భక్తిగానే మా ఆయన స్నానఘట్టం దగ్గర నీటిమట్టం స్కేలుని చూశారు. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులొచ్చింది. 2022 జులైలో 71.3. ఊరికి చుట్టూ కరకట్ట ఉంది కాబట్టి ఈ అంకెలు అంకెల్లా కనిపిస్తాయి. కట్ట దిగి నీళ్ల అంచున నిలబడి మెడ పైకెత్తి ఆ ఎత్తుని ఊహించుకోవాలి. రామాలయం ప్రాకారం కింద దుకాణాల్లో బొమ్మలు కొనుక్కుంటున్నవాళ్లలో ఎవరూ పైకి చూడటంలేదు. రోజూ చూస్తూ బతకలేరు కూడా.

భద్రాచలం తర్వాత కారు ఓడిపోతుంది. పాపికొండల మధ్య నదికి రెండు పక్కలా కొండలే, ఒడ్డు వెంట రోడ్డు లేదు. కారు చింతూరు వెళ్లి, శబరిని దాటి, మారేడుమిల్లి ఘాట్ రోడ్డు ఎక్కి దిగి, రంపచోడవరం మీదుగా రాజమండ్రి చేరాల్సిందే. మారేడుమిల్లిలో బొంగు చికెన్ ఓదార్పు. ప్రయాణం మొత్తంలో గోదావరిని నిజంగా వదిలేసిన చోటు అదొక్కటే. వదిలేసిన ముక్కని గండిపోశమ్మ గుడి దగ్గర లాంచీ ఎక్కి వెనక్కి వెళ్లి చూశాం. 2019లో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి ప్రాణాలు పోయినప్పటి నుంచీ లైఫ్ జాకెట్ల విషయంలో గట్టిగా ఉంటున్నారు, అది మంచిదే. దేవీపట్నం వైపు ఖాళీ చేసిన ఊళ్లు కనిపించాయి. పైకప్పులు తీసుకెళ్లిపోయిన ఇళ్లు, గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి. పోలవరం నిండితే అవీ కనిపించవు. పక్కనున్నాయన ఆనకట్టల మనిషే అయినా, ఆ గోడల్ని చూసి "పరిహారం అందరికీ ముట్టిందో లేదో" అని ఒక్కమాట అన్నారు.

రాజమండ్రిలో స్టీరింగు ఆయనకి ఇచ్చేశాను. ఇక మీద వచ్చేవి మా ఊళ్లు, ఆపమనే హక్కు నాకు కావాలి. ధవళేశ్వరం దగ్గర ఆపించాను. కాటన్ ఆనకట్ట 1852కి పూర్తయింది. నా చిన్నతనంలో పెద్దవాళ్లు సంకల్పంలో ఆయన పేరు కూడా చెప్పుకునేవారు. కాలువ గట్టున ఆపించాను. లాకుల దగ్గర ఆపించాను. పూతరేకులకి ఆపించాను. మా ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది పళ్లు నూరడమంటే ఏమిటో. ధవళేశ్వరం దిగువన గౌతమీ వసిష్ఠా విడిపోతాయి. గౌతమి వెంట పోతే యానాం, వసిష్ఠ వెంట పోతే అంతర్వేది. రెండూ గోదావరే, మాకేమో కారు ఒక్కటి. ఒప్పందం ప్రకారం మాట నాది కాబట్టి వసిష్ఠ పట్టించాను. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లి, తిరుగు దారిలో సఖినేటిపల్లి రేవులో కారుని పంటు ఎక్కించి నరసాపురం వైపు దాటాం.

పంటు మీద ఆయన నోట్‌బుక్ తీసి లెక్క చూసుకున్నారు. బాసర దాటాక భద్రాచలం దాకా మేం నడిచిందంతా కుడిగట్టే. ఖానాపూర్, లక్సెట్టిపేట, మంచిర్యాల, గోదావరి ఉత్తరంగా తిరిగే చెన్నూరు, ప్రాణహిత దాటాక సిరొంచ, ఇంద్రావతి కలిసే అడవి, ఎడమగట్టు మొత్తం అలాగే ఉండిపోయింది. "మళ్లొస్తే ఎడమగట్టున పోదాం" అన్నారు. గౌతమి కూడా మిగిలిపోయిందని గుర్తుచేశాను. 2027లో మళ్లీ పుష్కరాలు, ఘాట్ల రోడ్లకి కొత్త తారు పడుతుంది, ఆ జనమంతా ఇళ్లకి వెళ్లిపోయాక బయల్దేరదామని అనుకున్నాం. సిరొంచ దాటాక ఆ అడవి దారుల్లో ఎవరు నడపాలన్నది ఇంకా తేలలేదు.